బ్రాంచి పోస్టుమాస్టరు ఉద్యోగంలో అమ్మాయిని చేర్పించాలా? విశాఖ తపాలా ఉద్యోగుల సలహా కావాలి

ప్రశ్న: కంచరపాలెం నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. గ్రామీణ డాక్ సేవక్ (జీడీఎస్, పల్లె తపాలా సిబ్బంది) నియామకాల్లో మా అమ్మాయి పేరు బ్రాంచి పోస్టుమాస్టరు ఎంపిక జాబితాలో వచ్చింది. ఆ ఊరు ఆనందపురం దాటి లోపలికి వెళ్ళాల్సిన పల్లె. ఈ ఉద్యోగానికి రాతపరీక్ష గానీ ఇంటర్వ్యూ గానీ లేవని, పదో తరగతి మార్కులే ప్రాతిపదిక అని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అమ్మాయి బీకాం పూర్తిచేసి ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటోంది. దరఖాస్తు తనే పెట్టుకుంది, చేరాలని కూడా ఉంది.

ఇంట్లో మాత్రం ఒక మాట మీదకు రాలేకపోతున్నాం. నెలకు మూల భృతి పన్నెండు వేలని, దానికి కరువు భత్యం కలిసినా పల్లెలో గది అద్దె, భోజనం ఖర్చులు పోగా మిగిలేది తక్కువని, అంతకంటే ప్రైవేటు కంపెనీలో చేరితే నయమని మా బావమరిది అంటున్నాడు. మా అమ్మ మాత్రం పోస్టాఫీసు ఉద్యోగమంటే ఊరంతా గౌరవిస్తుందని, మనవరాలిని వెంటనే పంపమని పట్టుబడుతోంది. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉండవచ్చు గానీ, ఆ పని లోపల ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

రోజు ఎలా గడుస్తుంది, ఏ విషయంలో మనసు కష్టపడుతుంది, ఏ విషయంలో తృప్తి దొరుకుతుంది, ముందుముందు నగరానికి పోస్ట్‌వుమన్‌గా వచ్చే వీలుంటుందా అన్నవి నాకున్న సందేహాలు. నోటిఫికేషన్లో ఉన్న విషయాలు చదువుకున్నాను. అందులో లేనివి, ఆ పని చేసేవారికి మాత్రమే తెలిసినవి చెప్పగలరని మనవి.

సమాధానం: సీతమ్మధార వైపు బీటు (ఒక పోస్టుమ్యాన్ రోజూ ఉత్తరాలు పంచే వీధులు) చేస్తున్న పోస్టుమ్యాన్

అయ్యా, నేను కూడా ఒక పల్లెలో జీడీఎస్‌గానే చేరి, కొన్నేళ్ళ తర్వాత శాఖాపరమైన పరీక్ష రాసి పోస్టుమ్యాన్ అయినవాణ్ణి. కాబట్టి మీ చివరి సందేహానికి ముందు జవాబు చెబుతాను. దారి ఉంది. అయితే ఖాళీలు ఉండాలి, పరీక్షలో పోటీని నెగ్గాలి, వచ్చిన పోస్టు మనం కోరుకున్న పేటలోనే ఉంటుందన్న హామీ లేదు. పోస్టుమ్యాన్‌గా వస్తే లెవెల్ 3 జీతం, 21,700 మూల వేతనంతో మొదలవుతుంది. జీడీఎస్ భృతికీ దీనికీ ఉన్న తేడా మీకే అర్థమవుతుంది.

ఇక కష్టం సంగతి. చూసేవారికి ఈ ఉద్యోగంలో కష్టమంటే ఎండ, కుక్కలు, మెట్లు. అవి లేవని నేను అనను. అరిలోవ, మాధవధార కొండవాలు ఇళ్ళకు వెళ్ళే పోస్టుమ్యాన్ బండిని కింద ఆపి, సంచి భుజాన వేసుకుని మెట్లెక్కాల్సిందే. మే నెలలో సముద్రపు గాలిలోని ఉక్కకు చొక్కా వీపుకు అంటుకుపోతుంది. కానీ ఒళ్ళు వీటికి అలవాటు పడుతుంది. ఎన్నేళ్ళయినా తేలిగ్గా అనిపించనిది లెక్క. ఉదయం నా పేరున ఎక్కిన ప్రతి వస్తువుకూ, ప్రతి రూపాయికీ సాయంత్రం నేను జవాబు చెప్పాలి. ఇచ్చాను అంటే సంతకం చూపాలి, ఇవ్వలేదు అంటే ఎందుకు ఇవ్వలేదో కారణం రాయాలి. మీ అమ్మాయి చేరేది పల్లెలో అయినా ఈ బాధ్యతలో ఏమీ తేడా ఉండదు.

పొద్దున సంచులు విప్పి, బీట్ల వారీగా విడదీసుకున్నాక, ఎవరి ఉత్తరాలు వారు వీధి వరుసలో పేర్చుకుంటారు. సగం నైపుణ్యం ఈ పేర్చుకోవడంలోనే ఉంది. విశాఖలో డోర్ నంబర్లు గీతలతో మూడు భాగాలుగా ఉంటాయి కదా. ఖాళీ స్థలంలో కొత్త ఇల్లు లేచినప్పుడల్లా పక్కింటి నంబరుకు ఒక బై నంబరు తగిలిస్తారు. అది కాస్తా అపార్టుమెంటుగా మారాక, కవరు మీద ఫ్లాట్ నంబరు లేకుండా డోర్ నంబరు ఒక్కటే ఉంటే, అంత పెద్ద భవనంలో అదే ఇంటిపేరు ఉన్నవారు ఇద్దరు ముగ్గురు తేలతారు. పిన్‌కోడ్ ఉత్తరాన్ని మా ఆఫీసు దాకా తెస్తుంది. అక్కడి నుంచి ఆ ఇంటి గడప దాకా తెచ్చేది బీటు తెలిసిన మనిషి. బీటు మారిన కొత్తలో నేను చాకలి బండి అతన్ని, పాలవాణ్ణి, కిరాణా కొట్టు అమ్మను అడిగి తెలుసుకున్నంత మరే కాగితం చూసీ తెలుసుకోలేదు.

2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపారు. ఇప్పుడు వస్తువు ఎక్కడుందో జనం ఫోన్లో చూసుకుంటున్నారు, అది మంచిదే. కానీ బట్వాడాకు బయలుదేరిందని ఫోన్లో కనిపించిన మరుక్షణం నుంచి గుమ్మంలో నిలబడి, మధ్యాహ్నం దాకా రాకపోతే కోపగించుకునేవారున్నారు. బీటులో వారి వీధి చివరిదై ఉంటుందని వారికి తెలియదు. ఇంటికి తాళం ఉంటే చీటీ పెట్టి వస్తువును ఆఫీసులో ఉంచుతాం. ఏడు రోజుల్లో తీసుకోకపోతే పంపినవారికి తిరిగి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత వచ్చే మాటలన్నీ మళ్ళీ పోస్టుమ్యానే పడాలి.

ఒక్క సంఘటన చెబుతాను. పాస్‌పోర్టును అందులో పేరున్న మనిషి చేతికే ఇవ్వాలి. ఓడల్లో ఉద్యోగానికి వెళ్ళే ఒక కుర్రాడి పాస్‌పోర్టు తీసుకుని వెళితే, అతను ఊళ్ళో లేడు, ఇంట్లో ఉన్న బంధువు తనకిమ్మని పట్టుబట్టాడు. నేను ఇవ్వలేదు. ఆయన వీధిలో అందరి ముందూ గట్టిగా అరిచి, పైకి ఫిర్యాదు కూడా చేశారు, నేను వివరణ రాసి ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ కుర్రాడు తర్వాత స్వయంగా ఆఫీసుకు వచ్చి, గుర్తింపు కార్డు చూపించి తీసుకున్నాడు. నియమం ప్రకారం నడిచినందుకు ఎవరూ మెచ్చుకోరు, నడవకపోతే మాత్రం ఉద్యోగమే పోవచ్చు. మీ అమ్మాయికి మొహమాటం ఎక్కువైతే ఈ ఒక్క విషయంలో ముందుగానే మనసు గట్టిచేసుకోమని చెప్పండి.

తృప్తి గురించి అడిగారు. ఉద్యోగ నియామక పత్రం అందించిన రోజు ఆ ఇంటివాళ్ళు చదువుకునే దాకా నన్ను కదలనివ్వరు. ఏ ఇంట్లో ఎవరు చదువుతున్నారో, ఎవరికి ఒంట్లో బాగాలేదో నాకు తెలుసు, నేను రెండు రోజులు సెలవు పెడితే మూడో రోజు ఏమైందని అడిగేవాళ్ళున్నారు. జీతంతో పాటు నాకు దక్కింది ఇదే, దీన్ని నేను తక్కువగా చూడను.

సమాధానం: పద్మనాభం వైపు పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరు

నమస్కారం బాబాయ్ గారూ. మీ అమ్మాయి చేరబోయే ఉద్యోగమే నేను చేస్తున్నాను, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

పైన అన్నయ్య గారు బాధ్యత గురించి చెప్పింది అక్షరాలా నిజం. పల్లెలో అది ఉత్తరాల కంటే డబ్బు రూపంలో ఎక్కువగా వస్తుంది. మా ఆఫీసు అంటే ఒక గది, ఒక బల్ల, ముద్రలు, ఒక ఫోను, వేలిముద్ర పరికరం, తాళం వేసిన పెట్టె. సేవింగ్స్, ఆర్‌డీ (నెలనెలా కట్టే పొదుపు), సుకన్య సమృద్ధి ఖాతాలు, గ్రామీణ తపాలా జీవిత బీమా, పోస్టల్ పేమెంట్స్ బ్యాంకు పనులు అన్నీ ఆ బల్ల మీదే జరగాలి. సాయంత్రం నగదు, లెక్క సరిపోల్చి, పరిమితికి మించిన నగదును మా పైనున్న సబ్ పోస్టాఫీసుకు పంపాలి. పనిగంటలు నాలుగని నియామక పత్రంలో ఉంటుంది. లెక్క తేలని రోజున, సిగ్నల్ లేని రోజున ఆ గంటలు అలాగే సాగిపోతాయి.

చేరిన మొదటి వారంలోనే మీ అమ్మాయికి ఒక పరిస్థితి ఎదురవుతుంది. ఆర్‌డీ కట్టే అక్క ఎవరో దారిలో ఆపి, "అమ్మడూ, పుస్తకం ఇంట్లో ఉండిపోనాది, ఈ ఐదొందలూ ఉంచీ, రేపు రాసీగలవులే" అంటారు. ఆవిడకు మన మీద పూర్తి నమ్మకం ఉంటుంది, అందుకే అడుగుతారు. అయినా తీసుకోకూడదు. పాసుపుస్తకం బల్ల మీదకు రావాలి, అప్పటికప్పుడు ఫోన్లో ఎక్కాలి, పుస్తకంలో రాసి ముద్ర వేయాలి, రసీదు ఇవ్వాలి. ఆవిడ ముందు చిన్నబుచ్చుకున్నా తర్వాత అర్థం చేసుకుంటారు. పల్లె పోస్టాఫీసుల్లో డబ్బు తేడాలు వచ్చాయని మనం వినే సంగతులు చాలావరకు ఇలా చేతిలో పెట్టిన డబ్బుతోనే మొదలవుతాయి.

ఇక వేలిముద్ర. ఆధార్ ద్వారా డబ్బు తీసుకునేవారు మా దగ్గర ఎక్కువ. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళకు ఆ జీడి రసానికి వేళ్ళ చర్మం నల్లగా కాలిపోయి ఊడిపోతుంది, గీతలు పరికరానికి అందవు. బొటనవేలు పెడితే తీసుకోదు, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టిస్తాను, చూపుడువేలు, ఉంగరం వేలు, చివరికి ఎడమచేయి. ఈలోగా సిగ్నల్ పోతే అంతా మొదటికి వస్తుంది. తన ఖాతాలో తన డబ్బు ఉండి కూడా, తన వేలు తనది కాదని యంత్రం అంటుంటే ఆ ముసలమ్మ మొహం చూడలేం. మర్నాడు పొద్దున్నే రమ్మంటాను, రాత్రంతా కొబ్బరినూనె రాసుకుని, పొద్దున సబ్బుతో బాగా కడుక్కుని రమ్మంటాను. చాలాసార్లు పనిచేస్తుంది. నోట్లు లెక్కపెట్టి కొంగున ముడి వేసుకుని వెళ్ళేటప్పుడు ఆవిడ అనే ఒక్క మాటతో ఆ రోజుకు నాకు తృప్తిగా ఉంటుంది.

ఇబ్బంది పెట్టే విషయం ఇంకొకటి ఉంది. కొత్త ఖాతాలకు, బీమా పాలసీలకు లక్ష్యాలు ఉంటాయి. చిన్న ఊరు, ఉన్న ఇళ్ళే ఉంటాయి, ప్రతినెలా కొత్తవారు ఎక్కడి నుంచి వస్తారు? నేను బడి వైపు వెళ్ళి, పదేళ్ళలోపు ఆడపిల్లలున్న తల్లులతో సుకన్య ఖాతా గురించి మాట్లాడతాను. 250 రూపాయలతో మొదలుపెట్టవచ్చంటే వింటారు. కట్టలేనివారి చేత బీమా కట్టించవద్దని మాత్రం మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి, మధ్యలో ఆగిపోతే ఆ కుటుంబానికి నష్టం, ఊళ్ళో మనకు ముఖం చెల్లదు. సెలవు కావాలంటే మన స్థానంలో పనిచేసే మనిషిని మనమే చూసుకోవాల్సి రావచ్చు, పండుగలకు ఇది నిజంగా కష్టం.

సమాధానం: పాతనగరంలో పనిచేసి పదవీ విరమణ చేసిన పోస్టుమ్యాన్

సిటీ బస్సుల బోర్డుల మీద ఓల్డ్ హెడ్ పోస్టాఫీసు అని ఇప్పటికీ కనిపించే ఆ ప్రాంతంలో నేను చాలాకాలం పనిచేశాను. ఇద్దరూ బాగా చెప్పారు. వారు వదిలేసిన రెండు మాటలు కలుపుతాను.

మొదటిది పెన్షన్. జీడీఎస్‌గా చేసేవారికి శాశ్వత ఉద్యోగుల పెన్షన్ వర్తించదు, వారికి వేరే పథకం ఉంది. అందుచేత అమ్మాయి చేరితే, దాన్ని గమ్యంగా కాక మొదటి మెట్టుగా చూడాలి. పని నాలుగైదు గంటలదే గనుక చదువు మానకూడదు. బ్యాంకు పరీక్షలైనా, మా శాఖ పరీక్షలైనా రాయాలి. మీ బావమరిది గారి లెక్క తప్పు కాదు, కానీ ఆయన ఈ ఒక్క అవకాశాన్ని లెక్కలో వేయలేదు.

రెండవది, ఈ ఉద్యోగం జనానికి ఎంత అవసరమో మామూలు రోజుల్లో కనిపించదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకిన తర్వాత కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, రోడ్ల మీద చెట్లు పడి బండి కదలదు. మేము సంచులు పట్టుకుని నడిచి వెళ్ళాం. అప్పుడు జనం ఉత్తరం వచ్చిందా అని అడగలేదు. జ్ఞానాపురం వైపు నుంచి వచ్చావా, అక్కడ మావాళ్ళ వీధి ఎలా ఉంది అని అడిగారు. చూసింది చూసినట్టు చెప్పాం, తెలియనిది తెలియదన్నాం. ఖాకీ చొక్కా వేసుకున్నవాడు చెప్పాడంటే ఆ మాటకు అప్పట్లో అంత విలువ ఉండేది.

ఇప్పుడు నేనే పెన్షనర్ని. నవంబరులో జీవన ప్రమాణ పత్రం కోసం బ్యాంకులో గంటల తరబడి నిలబడలేక పోస్టుమ్యాన్‌ను పిలిపించుకున్నాను. డెబ్భై రూపాయలు తీసుకుని రసీదు ఇచ్చి, మా వరండాలోనే పని ముగించాడు. పోర్టులో, రైల్వేలో, డాక్‌యార్డులో చేసి విరమించినవారు ఇంతమంది ఉన్న ఈ ఊళ్ళో, కాళ్ళు సహకరించని పెద్దలకు ఆ అబ్బాయి ఎంత మేలు చేస్తున్నాడో నాకు బాగా తెలుసు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ మనఃపూర్వక ధన్యవాదాలు. మా అమ్మాయి కూడా పక్కన కూర్చుని చదివింది. ఒక్క సందేహం మిగిలింది. ఆనందపురం దాకా సిటీ బస్సులున్నాయి కదా, రోజూ కంచరపాలెం నుంచి వెళ్ళి రావచ్చా, లేక అక్కడే ఉండాలా?

పద్మనాభం వైపు బ్రాంచి పోస్టుమాస్టరు

అక్కడే ఉండాలి, బాబాయ్ గారూ. బ్రాంచి పోస్టుమాస్టరు పోస్టాఫీసు ఉన్న ఊళ్ళోనే నివాసం ఉండాలన్నది నియమం, ఆఫీసు నడపడానికి ఊళ్ళో అందరికీ అందుబాటులో ఉండే చోటు చూసుకునే బాధ్యత కూడా మనదే. అందుకని పత్రాల పరిశీలనకు వెళ్ళేలోపే ఒకసారి ఇద్దరూ ఆ ఊరు వెళ్ళి రండి. గది దొరుకుతుందా, కిటికీకి ఊచలు, తలుపుకు గట్టి గడియ ఉన్నాయా చూడండి. అమ్మాయి ఫోనుతో ఆ గదిలోపల నిలబడి ఏ కంపెనీ సిగ్నల్ అందుతుందో చూడమనండి, బయట అరుగు మీద అందేది లోపల బల్ల దగ్గర అందకపోవచ్చు. ఇప్పుడు ఆ ఆఫీసు ఎవరు చూస్తున్నారో కనుక్కుని, సబ్ పోస్టాఫీసు ఎంత దూరమో, సంచి ఏ వేళకు వస్తుందో అడగండి. సైకిలు గానీ స్కూటీ గానీ నడపడం వచ్చి ఉండాలి. రాకపోతే ఈ వారమే మొదలుపెట్టమనండి.