బీరకు పూలే పూలు, పిందె మాత్రం నిలవట్లేదు

ప్రశ్న (హైదరాబాద్, ఉప్పల్ వైపు నుంచి)

అందరికీ నమస్కారం. మాది మూడో అంతస్తు మీద మిద్దె తోట. పెద్దగా ఏం లేదు, ముప్పై గ్రోబ్యాగులు, నాలుగు పాత పెయింట్ డబ్బాలు. ఫిబ్రవరి మొదటి వారంలో బీర గింజలు పెట్టాను, తీగ పందిరంతా అల్లుకుంది, వారం నుంచి పసుపు పూలు తెగ పూస్తోంది గానీ పిందె చిటికెన వేలంత ఉండగానే పచ్చబడి రాలిపోతోంది. ఇప్పటికి పదకొండు రాలాయి, లెక్కపెట్టాను. చేత్తో పుప్పొడి అంటించాలని ఏదో వీడియోలో చూసి, రోజూ పొద్దున ఏడింటికి మా పాప పెయింటింగ్ బ్రష్ పట్టుకుని పైకెళ్తున్నాను. ఏం లాభం లేదు. అది చాలదన్నట్టు మిరప ఆకులన్నీ ముడుచుకుపోయాయి, వేపనూనె కొడితే అంచులు మాడిపోయాయి. బెండ గింజలు రెండుసార్లు వేశాను, ఒక్కటీ పైకి రాలేదు. "ఈ డబ్బుతో రైతుబజార్లో ఏడాదంతా కూరగాయలు కొనుక్కునేవాళ్లం" అని మా ఆయన రోజుకోసారి అంటున్నారు. ఆయన నోరు మూయించడానికైనా ఉగాదిలోపు ఒక్క బీరకాయ కావాలి నాకు!

జవాబు (తెనాలి నుంచి)

అమ్మా, పొద్దున ఏడింటికి బీర పాదు దగ్గర మీకు పనేం లేదు. బీర సాయంత్రం పూస్తుంది. మా అమ్మమ్మ బీరపూలు విచ్చుకోవడం చూసి దీపం పెట్టే వేళయిందనేది, ఇంట్లో గడియారం ఉన్నా ఆవిడకు అదే లెక్క. మీరు బ్రష్ తీసుకెళ్లే సరికి రాత్రి పూసిన పువ్వు వాడిపోయి ఉంటుంది. సాయంత్రం అయిదున్నర, ఆరు మధ్య వెళ్లి చూడండి.

ఇక పువ్వుల్లో ఏది ఏదో తెలుసుకోవడం తేలిక. మగపూలు ఒకే పొడుగాటి కాడకు గుత్తిగా వస్తాయి, రోజుకు ఒకటో రెండో విచ్చుకుంటాయి. ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది, వెనకాల చిన్న బీరకాయ ముందే తగిలించినట్టు ఉంటుంది. మగపువ్వు తుంచి, రేకలు వెనక్కి వంచేసి, మధ్యలో పుప్పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి, బ్రష్ కూడా అక్కర్లేదు. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. సొర (మీరు ఆనపకాయ అంటారేమో) కూడా సాయంత్రమే. కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే. నేతి బీర పేరుకు బీరే గానీ అది పొద్దున పూస్తుంది, దాంతో నేను ఒక ఏడాదంతా మోసపోయాను.

పల్లెలో ఈ పని రెక్కల పురుగులూ తేనెటీగలూ చేసిపెడతాయి. మూడో అంతస్తు పైకి అవి అంతగా రావు, అందుకే ఈ తంటా.

ఇంకో మాట, ఎరువు ఎంత వేశారు? పశువుల ఎరువు మరీ ఎక్కువైతే ఆకు ఏపుగా వస్తుంది, మగపూలే వస్తాయి. తీగ పందిరెక్కాక కొస తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, ఆడపూలు వాటికే ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు

అయ్యో! వారం రోజులు వాడిన పూలకు బ్రష్ రాస్తూ కూర్చున్నానా. ఎరువు మాత్రం రెండు వారాలకోసారి రెండు గుప్పెళ్లు. మా అత్తగారు పుల్లమజ్జిగలో ఇంగువ కలిపి కొడితే పిందె నిలుస్తుందంటున్నారు, కొట్టమంటారా?

తెనాలి

కొట్టండి, నేనూ కొడతాను, చెడు లేదు. కానీ పుప్పొడి అంటని పిందెను ఇంగువ ఆపలేదు. ఎరువు నెలకోసారి చాలు.

జవాబు (ఖమ్మం జిల్లా నుంచి, మాది మిరప సాగు)

అక్కా, ముడతలో మూడు రకాలున్నాయి, ఏదో చూడకుండా మందు కొట్టొద్దు. ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా అయితే తామర పురుగు. కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉండి కాడ సాగితే నల్లి (మంచం నల్లి కాదు, ఆకు రసం పీల్చేది). తెల్ల కాగితం పట్టుకుని దాని మీద కొమ్మను దులపండి, సన్నటి గీతల్లా పాకేవి తామర పురుగులు. నల్లి మామూలు కంటికి కనిపించదు, భూతద్దం కావాలి. ఆకులు ముడుచుకోవడంతో పాటు చిన్నవైపోయి మొక్క గిడసబారితే అది వైరస్, తెల్లదోమ తెచ్చిపెడుతుంది, దానికి మందు లేదు. ఆ మొక్క పీకేయడమే, జాలిపడి ఉంచితే పక్కవాటికి అంటుకుంటుంది.

మీ ఆకులు మాడింది ఎండలో కొట్టినందుకే అనుకుంటున్నా. వేపనూనె లీటరు నీళ్లకు 5 మి.లీ. మించొద్దు. ముందు నూనెను కొంచెం సబ్బు నీళ్లలో బాగా గిలక్కొట్టి తర్వాత మిగతా నీళ్లు పోయాలి, లేకపోతే నూనె పైన తేలి చివరి మొక్కకు మొత్తం పడుతుంది. ఎండ తగ్గాక ఆకుల అడుగున తడిసేలా కొట్టండి, వారానికోసారి. బీరకు మాత్రం సాయంత్రం వద్దు, అప్పుడే పూలు విచ్చుకుంటాయి కదా, దానికి తెల్లారగట్ల కొట్టండి. నల్లి అయితే గంధకం కొట్టమని ఎవరో ఒకరు చెప్తారు, పనిచేస్తుంది గానీ వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు కొడితే ఆకులు మళ్లీ మాడతాయి, ఎండలు ముదిరితే అసలే వద్దు. తామర పురుగుకు నీలం జిగురు అట్ట, తెల్లదోమకు పసుపుది, మొక్కంత ఎత్తులో కట్టండి.

జవాబు (విశాఖ నుంచి)

బెండ సంగతి ఎవరూ ఎత్తలేదు. గింజలు పాతవేమో ముందు తేల్చుకోండి. పది గింజలు రాత్రంతా నానబెట్టి తడిగుడ్డలో చుట్టి పెడితే నాలుగైదు రోజుల్లో తెలుస్తుంది, ఆరేడు మొలకెత్తితే గింజ మంచిదే. మొలకొచ్చినవాటినే అంగుళం లోతున పెట్టేయండి. నాకైతే గింజ బాగానే ఉంది, పావురాలు మొలక కనబడగానే తుంచి పోయేవి, నేనేమో షాపువాణ్ణి తిట్టుకున్నా. పాత ప్లాస్టిక్ బుట్ట బోర్లించి పైన ఇటుక పెట్టాక ఒక్కటీ పోలేదు.

జవాబు (డల్లాస్ నుంచి)

మీరంతా బీర పూతలో ఉన్నారు, మాకు మార్చి మధ్యదాకా మంచు భయమే. గింజలన్నీ కిటికీ పక్కన పేపర్ కప్పుల్లో ఉన్నాయి, ఇల్లంతా మట్టి. సాయంత్రం పూస్తుందన్న సంగతి నాకూ కొత్తే, పోయినేడు మా పందిరి ఎందుకు కాయలేదో ఇప్పుడు తెలిసింది.

ప్రశ్న అడిగినవారు (పన్నెండు రోజుల తర్వాత)

ఏమైందో చెప్దామని వచ్చాను. సాయంత్రం వెళ్లి ఏడు పూలకు రుద్దాను, నాలుగు పిందెలు నిలిచాయి, ఒకటి జానెడైంది. మొన్న రాత్రి వడగళ్ల వాన పడి గ్రీన్ నెట్ మధ్యలో చిరిగింది, టమాటా కొమ్మలు రెండు విరిగాయి. మిరపది పై ముడతే, రెండుసార్లు కొట్టాక కొత్త చిగుళ్లు బాగానే వస్తున్నాయి, ఒక మొక్క మాత్రం పీకేశాను. బెండ పదికి రెండే మొలిచాయి, అంటే గింజలదే తప్పు, పావురాలకు క్షమాపణలు. కానీ నాలుగు బీర పిందెల్లో ఒకటి కొక్కెంలా వంకర తిరిగింది, దాని మీద చిన్న చుక్క, జిగురు కారుతోంది. ఇదేమిటి మళ్లీ?

ఖమ్మం

ఆ వానకు మా కల్లంలో ఆరబోసిన మిరప కూడా తడిసింది అక్కా, పట్టాలు కప్పేలోపే.

తెనాలి

పండు ఈగ అమ్మా. కాయలో గుడ్లు పెట్టింది, లోపల పురుగులుంటాయి. ఆ కాయ కోసేయండి, కంపోస్టు డబ్బాలో మాత్రం వేయకండి, పురుగులు మట్టిలోకి దిగి మళ్లీ ఈగలై వస్తాయి. కవర్లో వేసి గట్టిగా ముడివేసి రెండు మూడు రోజులు ఎండలో పెట్టి పారేయండి. మిగతా మూడింటికి ఇవాళే పాత పల్చటి గుడ్డ సంచులు తొడగండి, కాయ పెరగడానికి చోటుండాలి, మూతి కాడ దగ్గర వదులుగా కట్టాలి. ఇకముందు పువ్వు వాడి పిందె నిలిచిందని తెలిసిన రోజే సంచి తొడగడం అలవాటు చేసుకోండి. జానెడు కాయ లేతగా ఉండగానే కోసేయండి, ఆశపడి ఉంచితే పీచు పడుతుంది.

ప్రశ్న అడిగినవారు

సరేనండి, మా ఆయన పాత పంచె ఒకటుంది, దాన్నే కత్తిరిస్తున్నా.