గాలికి పోయేవి గడ్డపారలా, గునపాలా?

(మాట్లాడేవాళ్ళను పేర్లతో కాక వాళ్ళుండే చోట్లతో పిలుచుకున్నాం. పెరంబూరు మద్రాసుది, మిగతావన్నీ బెంగళూరు వైపువి.)

బసవనగుడి: ఒక సామెత నాలుక చివర ఆడుతోంది కానీ బయటికి రావడం లేదు. "గడ్డపారలు గాలికి కొట్టుకుపోతుంటే..." అని మొదలవుతుంది. తర్వాత ఏదో వచ్చి "నా గతేమిటి" అంటుంది. ఆ వచ్చేది ఏది? ఇంకో సందేహం, మొదటి మాట గడ్డపారలేనా, గునపాలా? మా అనంతపురం వైపు గడ్డపార అనే అంటాం కాబట్టి నా చెవికి అదే తగులుతోందేమో.

కె.ఆర్.పురం: పుల్లాకు అండీ. "గునపాలు గాలికి కొట్టుకుపోతుంటే పుల్లాకు నా గతేమిటి అందట." గునపాలు, గాలి, గతి. మూడు గకారాలు ఎంత చక్కగా పడ్డాయో చూడండి. గునపమే సరి.

మత్తికెరె: గకారమే సాక్ష్యమైతే గడ్డపారకు మాత్రం గ లేదా సార్? అదీ మూడు గలే. మరో కారణం చెప్పండి.

కె.ఆర్.పురం: నడక. "గడ్డపారలు" అనేసరికి నోరు బరువెక్కుతుంది. సామెత తేలిగ్గా దొర్లాలి.

మత్తికెరె: బరువెక్కాలనే కదా ఆ మాట వేసింది! ఎగరనిది ఎగిరిపోతోందని చెప్పడానికి వీలైనంత బరువైనదే ఎంచుకుంటారు. గునపం కంటే గడ్డపార బరువు. అతిశయోక్తి చేసేవాడు మధ్యలో ఆగడు.

పెరంబూరు: ఇద్దరూ పుల్లాకును వదిలేశారు. పుల్లలతో కుట్టిన విస్తరి అనుకుంటున్నారేమో, కాదు. తిని లేచిన ఎంగిలి విస్తరి. వడ్డించిన విస్తరి గాలికి కదలదు, ఖాళీదే లేస్తుంది. "ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది" అన్నది కూడా దాని గురించే. ఇక గడ్డపార సంగతి. ఇక్కడ మద్రాసు ఇనప కొట్లలో దాన్ని కడప్పారై అంటారు. ఒక్క డకారమే. మన "డ్డ" ఎక్కడి నుంచి ఊడిపడింది?

బసవనగుడి: గడ్డలు పెకలించేది కాబట్టి గడ్డపార. ఇందులో అనుమానం దేనికి?

పెరంబూరు: అర్థం కుదిరిందని వ్యుత్పత్తి కుదరదండీ. "గడ" అంటే కర్ర, వాసం. వెదురు గడ అంటాం. గడలాగా పొడుగ్గా ఉండే పార, గడపార. తర్వాత ఎవరో మన్ను గడ్డల్ని గుర్తు చేసుకుని డకారానికి ఒత్తిచ్చారు. కన్నడంలో గడారి అంటున్నారు కదా, అక్కడా ఒత్తు లేదు.

మత్తికెరె: కన్నడం మాట ఎత్తారు కాబట్టి, ఇక్కడ మామూలుగా వినపడేది హారె. పాలు హాలైంది, పులి హులి అయింది, పారె హారె అయింది. తమిళంలో పారై, కన్నడంలో హారె, రెండూ మీటే ఇనప కడ్డీలే. తెలుగులో మాత్రం పార అంటే మన్ను ఎత్తే వెడల్పు రేకు. పార ఆ పనికి వెళ్ళిపోయింది కాబట్టి కడ్డీకి ముందు ఒక విశేషణం తగిలించాల్సి వచ్చింది. అది గడా గడ్డా అన్నది తర్వాతి మాట. "పలుగూ పారా" అని జంటగా అంటాం చూడండి, మీటేదొకటి, ఎత్తిపోసేదొకటి.

కె.ఆర్.పురం: నాకు ఇంకో ఆలోచన. తమిళంవాళ్ళు కడప బండల్ని కడప్పా కల్లు అంటారు. ఆ బండల్ని లేపే పార కనక కడప్పారై అయ్యుండొచ్చు కదా?

పెరంబూరు: వినడానికి బాగుంది సార్, అంతవరకే. కడప బండలు రాకముందు మద్రాసులో మన్ను తవ్వలేదా, గుంజలు పాతలేదా? ఇంకొకటి, పారైలో రకారం మామూలు ర. బండి ఱ పెడితే పాఱై, అది రాతిగుట్ట. పనిముట్టునీ అది లేపే రాతినీ ఒక్క అక్షరమే విడదీస్తోంది. మన గడ్డపారకు బండి ఱ పెట్టి రాసేవాళ్ళు ఈ తేడా ఒకసారి గమనించాలి.

జిగని: ఇందాకటి నుంచి బరువు, బరువు అంటున్నారు, లెక్క ఎవరూ చెప్పలేదు. గుండ్రటి ఉక్కు కడ్డీకి సూత్రం ఇనప కొట్టువాళ్ళందరికీ తెలుసు. మిల్లీమీటర్లలో మందాన్ని మందంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. అయిదడుగుల 25 మిల్లీ గడ్డపార దాదాపు 5.9 కిలోలు. అదే పొడవు 32 మిల్లీ అయితే 9.6. మూడడుగుల 20 మిల్లీ గునపం రెండుంబావు. మత్తికెరె సార్ అతిశయోక్తికి 32 మిల్లీ వాడుకోవచ్చు.

మత్తికెరె: చూశారా, నా వైపు తూకం కూడా మొగ్గింది.

జిగని: సామెత మీరే తేల్చుకోండి. నా బాధ వేరు. అందరూ గడ్డపారను తవ్వే పనిముట్టుగానే చెబుతున్నారు. మా రాళ్ళ యార్డుల్లో దాంతో తవ్వేదేమీ లేదు, దొంతరలో బండ లేపడానికే. ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, 40 మిల్లీల మందం ఉన్న కడప బండ సుమారు 120 కిలోలు. ఒక అంచు లేపితే చేతికి వచ్చేది అందులో సగం, 60. అయిదడుగుల గడ్డపారకు మొనకు మూడంగుళాల దూరంలో ఆనిక (కడ్డీ ఆనే చోటు) పెడితే ఇటు 57 అంగుళాలు, అటు 3. పంతొమ్మిది రెట్లు. అంటే చేత్తో నొక్కాల్సింది మూడు కిలోల పైచిలుకు. అందులోనూ చాలా భాగం కడ్డీ సొంత బరువే చేసేస్తుంది. 25 మిల్లీ కడ్డీ నడిమి బరువు ఆనికకు 27 అంగుళాల దూరంలో ఉంటుంది, 5.9ని 27తో గుణిస్తే 159. బండ వైపు 60ని 3తో గుణిస్తే 180. మిగిలింది 21. వేలితో నొక్కినా చాలు. 32 మిల్లీ కడ్డీ అయితే వదిలేసినా బండ లేస్తుంది.

బసవనగుడి: అంత తేలికైతే ఇద్దరు మనుషులు ఎందుకు పట్టుకుంటారు మరి?

జిగని: మొన అంగుళం లేవాలంటే చేతివైపు పంతొమ్మిది అంగుళాలు దిగాలి. అంత చోటు లేక ఆనికను వెనక్కి జరుపుతారు. ఆరంగుళాల దూరం పెట్టారా, ఒక్కసారిగా తొమ్మిది రెట్లకు పడిపోతుంది, అప్పుడు వేలు చాలదు, నాలుగు కిలోల నొక్కు కావాలి. ఇంకో చిక్కు, వానకు తడిసిన నునుపు బండలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మొదటి కదలికకు లెక్కలో లేని బలం పడుతుంది. ఆ తడి పట్టు మధ్యలో నుంచి విడవదు, మూల నుంచే విడదీయాలి.

పెరంబూరు: "ఆనిక" అన్నారు. మంచి మాట. మా స్కూలు పుస్తకంలో ఆధారం అని ఉండేది.

జిగని: ఆనికే అసలు పని. కింది బండ అంచునే ఆనికగా వాడేవాళ్ళు ఉన్నారు, ఆ అంచు పెచ్చు లేచిపోతుంది. పాలిష్ బండకు అంచు పోతే సగం ధర పోయినట్టే. దొంతర పక్కన చెక్క దిమ్మెలు అదే ఎత్తుకు పేర్చి వాటి మీద ఆనిక పెట్టాలి. తుమ్మ లాంటి గట్టి చెక్క, నాలుగంగుళాల వెడల్పు. ఇటుక పెడితే పొడి అవుతుంది, రాతి ముక్క పెడితే జారుతుంది. మెత్తటి నేల అయితే దిమ్మె కింద పలక వెయ్యాలి, లేకపోతే బండ లేవదు, దిమ్మె దిగుతుంది. మొన కూడా చూసుకోవాలి. సూది మొన తవ్వడానికి. లేపడానికి ఉలిలాగా చదునుగా ఉన్న కొస వాడాలి, దాని కింద పాత ట్యూబు ముక్క పరిస్తే గీత కూడా పడదు.

కె.ఆర్.పురం: ఇక్కడ "మీటడం" అంటారా, "లేపడం" అంటారా?

జిగని: మీటడమే. "కొంచెం మీటు, చెక్క దూరుస్తా" అంటారు.

కె.ఆర్.పురం: అదీ సంగతి! వీణ మీటేదీ ఇదే మాట. గోటితో తీగెను లాగి వదలడం, కడ్డీతో బండను పైకి లేపడం, రెంటిలోనూ చిన్న ఒత్తిడి. తర్వాత కరెంటు మీటకూ ఇదే పేరు పెట్టుకున్నాం.

మత్తికెరె: కరెంటు మీటను నొక్కుతారు సార్, ఎవరూ దాన్ని మీటరు. నామవాచకం ఒకటే అయినంత మాత్రాన క్రియ ఒకటి కాదు.

జిగని: నొక్కడమా మీటడమా అన్నది ఇక్కడ ప్రాణాల మీదికి వచ్చే విషయం. గడ్డపారను కిందికి నొక్కాలి, పైకి లాగకూడదు. కొందరు మొనను బండ కింద నుంచి అవతల నేలకు ఆనించి పైకి ఎత్తుతారు. లెక్క ప్రకారం అందులోనూ ఇరవై రెట్లు వస్తుంది కానీ కడ్డీ బరువు మన మీదే పడుతుంది, నడుము పట్టేస్తుంది. నొక్కేటప్పుడు కడ్డీకి పక్కన నిలబడాలి, కాళ్ళ మధ్య పెట్టుకోకూడదు, దాని మీద కూర్చోకూడదు. మొన జారిందంటే ఆ కొస చెంప పగలగొడుతుంది. బండ అంగుళం లేవగానే చెక్క ముక్కను కర్రతో తోయాలి, వేలితో కాదు. పొడుగు బండను ఒక చివర మూలనే ఎక్కువ ఎత్తితే మధ్యలో విరుగుతుంది, రాయి నొక్కుకు ఆగుతుంది కానీ వంపుకు ఆగదు. రెండు చివరల నుంచీ పొడవులో నాలుగో వంతు లోపలికి వచ్చి, అక్కడ చెక్కలు పెడుతూ మార్చి మార్చి లేపాలి. ఇదంతా పడుకోబెట్టిన దొంతరకు. స్టాండుకు నిలబెట్టిన గ్రానైట్ పలకల జోలికి గడ్డపారతో పోవద్దు. పదడుగులకు ఆరడుగుల 20 మిల్లీ పలక ఒక్కటే 300 కిలోలు. అది ఇటు వాలితే చేత్తో ఆపేవాడు పుట్టలేదు. దానికి క్రేనూ, పట్టకారూ ఉండాల్సిందే.

బసవనగుడి: మొన మొద్దుబారితే గ్రైండరు పెడితే సరిపోతుందా?

జిగని: కొద్దిగా అయితే పర్వాలేదు. నీలం రంగు తిరిగేదాకా పట్టారంటే పదును చచ్చినట్టే, మొన మెత్తబడి వంగుతుంది. బాగా అరిగిపోతే కొలిమికే. ఎర్రగా కాచి సాగగొట్టి, కొసను రెండు మూడంగుళాలు మాత్రం నీళ్ళలో ముంచి తియ్యాలి. వెనక మిగిలిన వేడి మళ్ళీ మొన దాకా పాకుతుంది. మొనను రుద్ది చూస్తుంటే గడ్డిరంగు, తర్వాత గోధుమరంగు తిరుగుతుంది, అప్పుడు మళ్ళీ ముంచెయ్యాలి. ఆ రెండో వేడి పాకనివ్వకుండా చల్లార్చితే మొన గాజులాగా పెళుసై ముక్క ఎగురుతుంది. స్లాబుల్లో వేసే టీఎంటీ కడ్డీ కోసి గడ్డపార అని అమ్మేదానికి ఎంత కాచినా ఇలాంటి పదును నిలవదు.

మత్తికెరె: కాచడం అనగానే వేమన రావలసిందే. "ఇనుము విరిగెనేని ఇనుమారు ముమ్మారు, కాచి అతుకనేర్చు కమ్మరీడు." ఇనుమారు అంటే రెండుసార్లు. ఇనుముకూ ఇనుమారుకూ ఆ చెవి పొత్తు చూడండి. వేమన తప్ప ఇంకెవరు కడతారు!

కె.ఆర్.పురం: "ఇరుమారు" అని కూడా పాడతారు. నాకైతే అదే బాగుంది, తిన్నగా అర్థమవుతుంది.

మత్తికెరె: తిన్నగా ఉన్నది తర్వాతివాళ్ళ దిద్దుబాటు అయ్యుంటుంది. కఠినమైన పాఠమే పాతది.

కె.ఆర్.పురం: ఛందస్సు అడ్డు చెప్పదుగా? ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాల తర్వాత "ఇనుమారు" సలము, ఇంద్రగణాల్లో ఒకటి. "ఇరుమారు" కూడా సలమే. యతి మొదటి ఇకారానికి, అదీ రెంటిలోనూ ఉంది.

పెరంబూరు: ఛందస్సు ఇద్దరికీ తలుపు తీసింది కాబట్టి తీర్పు చెప్పలేదు. బ్రౌను దొర 1829లో మద్రాసులోనే వేమన పద్యాలు అచ్చు వేయించాడు. వేమన చర్చ ఎప్పుడు వచ్చినా మా ఊరికి ముందు వరసలో కుర్చీ వెయ్యాలి. ఇనుమారు పక్షానికి నాదొక మాట. "ఇను" అంటే రెండు అనడానికి ఇనుమడి ఉంది, ఇన్నూరు ఉంది. కాబట్టి అది తప్పు పాఠమని తీసెయ్యడం కుదరదు.

కె.ఆర్.పురం: ఇరువది, ఇరుగడ, ఇరుపక్కల. నాకూ సాక్షులు ఉన్నారు.

బసవనగుడి: పాఠం ఏదైనా, విరిగిన ఇనుము రెండు మూడుసార్లు కాచాలా నిజంగా? ఒక్కసారికి అతకదా?

జిగని: ఒక్కసారికి అతికితే అదృష్టం. రెండు కొసల్నీ పలచగా వాలుగా కొట్టాలి, అది మొదటి వేడి. ఇసుకో వెలిగారమో చల్లి, తెల్లగా మెరిసేదాకా కాచి దెబ్బ వెయ్యాలి, అది రెండోది. కొలిమి నుంచి దాయి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మె) మీదికి తెచ్చేలోపే వేడి పడిపోతుంది, అంచులు అంటవు. వాటిని మూసెయ్యడానికి మూడోది. వెలిగారం వెయ్యకపోతే తుప్పు పొర మధ్యలో చిక్కుతుంది, పైకి అతికినట్టు కనిపించి మొదటి మీటుకే ఊడుతుంది. పద్యంలో లెక్క కరెక్టు. కాకపోతే వేమన కాలపు ఇనుము మెత్తనిది, బాగా అతికేది. ఇప్పటి గడ్డపార ఉక్కును అంత వేడి చేస్తే చిచ్చుబుడ్డిలాగా రవ్వలు లేచి కాలిపోతుంది.

మత్తికెరె: అయితే "ఇనుమారు ముమ్మారు" ఊరికే పాదపూరణం కాదు, పని వరస. రెండోది అతుకు, మూడోది మూత. నేను ఈ అర్థానికే ఓటు.

కె.ఆర్.పురం: మీరు చెప్పిన వరస ఇరుమారుకు కూడా అంతే చక్కగా కుదురుతుంది సార్.

పెరంబూరు: జిగని గారూ, ఒక చిన్న మాట. "దాయి" అన్నారు. మా వైపు దాకలి అంటారు. ఏది ఎక్కడిది?

జిగని: రెండూ విన్నాను. మా యార్డుకు వచ్చే కమ్మరి దాయి అంటాడు. దాని మీద గడ్డపార తల పెట్టి సమ్మెటతో కొట్టనివ్వడు. తల పువ్వులాగా విచ్చుకుని పెచ్చులు కంట్లోకి ఎగురుతాయట.

బసవనగుడి: సమ్మెటకూ సుత్తికీ హద్దు ఎన్ని కిలోల దగ్గర?

మత్తికెరె: కిలోలు కాదండీ, రెండు చేతులతో ఎత్తేది సమ్మెట, ఒక చేతిది సుత్తి.

కె.ఆర్.పురం: మా వైపు ఒక చేత్తో వాడేదాన్ని కూడా సమ్మెట అనే అంటారు.