‘ఫస్ట్ కజిన్స్’కి తెలుగు మాట ఏది?

అమెరికా నల్లజాతి కుటుంబాల మీద డిగ్రీ పిల్లలకు తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ఒక్క మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను.

ఒహాయోలోని ఈస్ట్ క్లీవ్‌లాండ్‌లో ఐనెజ్ మూర్ అనే నల్లజాతి నాయనమ్మ ఒక కొడుకుతో, ఇద్దరు మనవళ్ళతో ఉండేది. ఒకడు ఆ కొడుకు బిడ్డ. రెండోవాడు ఇంకో కొడుకు బిడ్డ, తల్లి చనిపోయాక ఈమె దగ్గరికి చేరాడు. పిల్లలు సొంత అన్నదమ్ములు కారు, ఫస్ట్ కజిన్స్. అందుకే, ఒక ఇంట్లో ఒక కుటుంబమే ఉండాలన్న ఆ ఊరి నిబంధన ప్రకారం వాళ్ళది ఒక కుటుంబం కాదు! ఆమెకు 5 రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా వేశారు. 1977లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో దాన్ని కొట్టేసింది. నల్లజాతి కుటుంబాలకు ఇలాంటి ఉమ్మడి ఇల్లే బతుకుదెరువులో ఆసరా అని జస్టిస్ బ్రెనన్ విడిగా రాశారు. ఆ మాట పిల్లలకు తప్పకుండా చేరాలి.

మొదట ‘అన్నదమ్ములు’ అని రాశాను. మా అమ్మ చదివి, "అన్నదమ్ములే కదా, మరి గొడవేంటి?" అంది. కేసంతా ఆ తేడా మీదే ఉంది, మన వరసల్లో ఆ తేడానే లేదు. ‘దాయాదులు’ అంటే ఆస్తి తగాదా గుర్తొస్తోంది. ‘కజిన్స్’ అంటే బావామరుదులు కూడా వచ్చేస్తారు. ‘పెదనాన్న, చిన్నాన్న పిల్లలు’ అర్థానికి సరిపోయింది కానీ, రెండు పేజీల్లో 11 సార్లు వచ్చి వాక్యం నడవడం లేదు.

అన్నదమ్ముల పిల్లలను సొంత అన్నదమ్ముల నుంచి విడిగా చెప్పడానికి, తగాదా వాసన లేని చిన్న మాట మీ ఇంట్లో, మీ ఊళ్ళో ఏది వాడతారు?