రాష్ట్రపతి ఆమోదం వచ్చాక కూడా కేంద్రానిదే పైచేయా?

అందరికీ నమస్తే. గ్రూప్-2కి చదువుతున్నాను, పాలిటీలో ఒకే చోట మూడు రోజులుగా ఆగిపోయాను. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా వరకు ఓకే, ఏ జాబితాలోనూ లేనివి రాజ్యాంగంలోని 248వ అధికరణ ప్రకారం పార్లమెంటుకే పోతాయని కూడా తెలిసింది. కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితా దగ్గరే తల తిరుగుతోంది. 254వ అధికరణలో 254(1) ఏమో రెండు చట్టాలకీ పొసగకపోతే కేంద్రానిదే నెగ్గుతుందంటుంది, 254(2) ఏమో రాష్ట్ర బిల్లుకి రాష్ట్రపతి ఆమోదం దొరికితే ఆ రాష్ట్రం వరకు రాష్ట్ర చట్టమే చెల్లుతుందంటుంది. తమిళనాడు 2017లో జల్లికట్టు కోసం జంతుహింస నివారణ చట్టాన్ని ఇలాగే సవరించుకుంది, 2023లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. బాగానే ఉంది. కానీ ఆ క్లాజు కిందే, పార్లమెంటు తర్వాత ఎప్పుడైనా ఇంకో చట్టం చేసి దాన్ని రద్దు చేయొచ్చని ఉంది కదా! పైగా రాష్ట్రపతి నడిచేది కేంద్ర మంత్రివర్గం సలహా మీదే. మరి రాష్ట్రానికి నిజంగా దక్కిందేంటి?

ఇంకోటి, 1976లో 42వ సవరణతో విద్య, అడవులు రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి వచ్చాయి. అంతకుముందే రాష్ట్రాలు చేసుకున్న చట్టాలకీ 254 వర్తిస్తుందా? లా చదివినవాళ్లు ఎవరైనా ఒక ఉదాహరణతో చెప్పండి ప్లీజ్, మా కోచింగ్ నోట్సులో దీనికి రెండే లైన్లు రాసి వదిలేశారు.