ఐదుగురి పని ముగ్గురితో లాగుతున్నాం, ఇంకెన్నాళ్లు?

రెండుగదుల_డాక్టర్ (ప్రశ్న):

మాది చిన్న క్లినిక్. ఇద్దరు డాక్టర్లం. స్టాఫ్ ఐదుగురు ఉండాలి, ఇప్పుడు ముగ్గురే ఉన్నారు. ఒక నర్సు ప్రసూతి సెలవులో ఉంది. రిసెప్షన్‌లో ఆరేళ్లు చేసిన అమ్మాయి గత నెల మానేసింది. ఇన్సూరెన్స్ ఫారాలు ఎటు పంపాలో, పరికరాలను ఆవిరితో స్టెరైల్ చేసే ఆటోక్లేవ్ మొరాయిస్తే ఎవరికి ఫోన్ చేయాలో అన్నీ ఆమెకే తెలుసు. ఎక్కడా రాసి లేదు. తప్పు నాదే, ఆరేళ్లలో ఒక్కసారి కూడా రాయమని అడగలేదు.

మొన్న సోమవారం పొద్దున వ్యాక్సిన్ ఫ్రిజ్‌కి తగిలించిన, పూటపూటా టెంపరేచర్ రాసే కాగితం చూస్తే శుక్రవారం సాయంత్రం గడి, శనివారం రెండు గడులూ ఖాళీ. లోపల టెంపరేచర్‌ని దానంతటదే నమోదు చేసే లాగర్ తీసి చూశాను. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంది, దాటలేదు. కానీ ఆ అంకెలు కంప్యూటర్ మీదికి వచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. సిస్టర్‌ని అడిగితే, "సార్, ఆ టైంలో నేను కౌంటర్లో ఫోన్లు ఎత్తుతున్నాను" అంది. ఏమనాలో తోచలేదు.

ప్రకటన ఇచ్చాం. చేరిన ఒకరు రెండు రోజులు వచ్చి మూడో రోజు పత్తా లేరు. ఉన్నవాళ్లకు ఓవర్‌టైం ఇస్తున్నాం కానీ మొహాలు పీక్కుపోయాయి. మనుషులు దొరికేదాకా ఎలా నడపాలి? పేషెంట్లను తగ్గించుకోక తప్పదా?

కౌంటర్_మేనేజర్:

డాక్టర్ గారూ, సంగతంతా ఆ సిస్టర్ మాటలోనే ఉంది. మీకు నర్సులు తక్కువయ్యారు, ఉన్న నర్సేమో ఫోన్ దగ్గర ఉంది.

ఒక్క వారం ఫోన్ పక్కన కాగితం పెట్టించండి. ఎవరు ఎందుకు చేశారో గీతలు గీయమనండి, అంతే. మేం గీస్తే సగానికి పైగా రెండే ప్రశ్నలు: "రిపోర్టు వచ్చిందా?", "పాత మందులే మళ్లీ రాసిస్తారా?" శాంపిల్ తీసుకున్నప్పుడే రిపోర్టు ఏ రోజు వస్తుందో చీటీ మీద రాసి ఇవ్వడం మొదలుపెట్టాం. బీపీ, థైరాయిడ్ నిలకడగా ఉన్నవాళ్లకు మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ దాకా సరిపడా మందులు రాయమని డాక్టర్లను బతిమాలాను. రిపోర్టుల ఫోన్లు మధ్యాహ్నం రెండు తర్వాతే అని బోర్డు పెట్టాం. మొదటి వారం తిట్లు తిన్నాం, తర్వాత అలవాటు పడ్డారు.

ఒక్క జాగ్రత్త. ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం లాంటి మాటలు పెద్ద అక్షరాలతో ఫోన్ ఎదురుగా అంటించండి. అవి వినబడితే అపాయింట్‌మెంట్ ఊసు వద్దు, ఎవరు ఎత్తినా అంబులెన్స్‌కి చెప్పి డాక్టర్‌ని లేపాలి.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

ఓవర్‌టైం ఇస్తున్నాం అన్నారు. మంచిదే సార్. కానీ నేను పాత చోట మానేసింది డబ్బుల కోసం కాదు. రాత్రి తొమ్మిదింటికి "రేపు మీ సెలవు క్యాన్సిల్" అని మెసేజ్ వచ్చేది. రెండు వారాల డ్యూటీ చార్టు ముందే గోడకు పెట్టండి, మార్చాల్సి వస్తే ఫోన్ చేసి అడగండి.

ఇంకోటి. మనిషి తక్కువైన రోజు ఏ పని ఆపాలో మీరు నోరు తెరిచి చెప్పాలి. మీరు చెప్పకపోతే ఆ నిర్ణయం మా నెత్తినే పడుతుంది, కంటికి కనబడని పనే ముందు ఆగిపోతుంది. మీ ఫ్రిజ్ కాగితం అలాగే ఆగింది. నేను ఇన్సులిన్ లోడ్ చేస్తుండగా ఒకసారి మూడుసార్లు పిలిచారు. ఎన్ని యూనిట్లు తీశానో అనుమానం వచ్చి సిరంజి పారేసి మళ్లీ మొదలుపెట్టాను. ఆ రెండు నిమిషాలకు కూడా మాట పడ్డాను.

రిసెప్షన్‌లో చేరిన కొత్తవాళ్లకు ఆటోక్లేవ్ అప్పజెప్పకండి. ప్యాకెట్‌కి అంటించిన టేపు మీద చారలు నల్లబడితే స్టెరైల్ అయిపోయిందనుకుంటారు. ప్యాకెట్‌కి వేడి తగిలిందని మాత్రమే ఆ టేపు చెబుతుంది, లోపల సూక్ష్మజీవులు చచ్చాయని కాదు.

ఫ్రిజ్ టెంపరేచర్ చూసి రాయడానికి అర నిమిషం చాలు. పొద్దున రాగానే మీరే రాయొచ్చుగా?

పాతకాపు_ఎండీ:

సిస్టర్ గారి చివరి ముక్క నాకూ తగిలింది.

ఇద్దరూ ఒకే వేళకు ఎందుకు కూర్చుంటున్నారు? ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం కూర్చుంటే ఒక నర్సు, ఒక రిసెప్షన్ మనిషి ఒక్క డాక్టర్‌ని చూసుకుంటే చాలు. స్లాట్లు కూడా అంచుదాకా నింపకండి. పూర్తిగా నిండిన రోజున ఒక్క పేషెంట్‌కి పది నిమిషాలు ఎక్కువ పడితే వెనకవాళ్లందరూ అంత ఆలస్యమవుతారు. వాళ్లు అడిగే "ఇంకెంతసేపు?"కి మళ్లీ కౌంటర్లో ఒక మనిషి కావాలి.

ఫోన్ వేళల బోర్డు మాత్రం నాకు అంతగా నచ్చలేదు. పెద్దవయసువాళ్లు రెండు దాకా ఆగమంటే ఆగరు, నేరుగా వచ్చి కూర్చుంటారు.

2030 నాటికి ప్రపంచంలో కోటి మందికి పైగా ఆరోగ్య సిబ్బంది తక్కువ పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి మనిషి దొరకగానే అంతా సర్దుకుంటుందని ఎదురుచూడకండి.

రెండుగదుల_డాక్టర్:

అందరికీ థ్యాంక్స్. వారం గీతలు గీయించాం. మాకూ రిపోర్టుల ఫోన్లే ఎక్కువ. చీటీ పద్ధతి మొదలైంది, బోర్డు ఇంకా పెట్టలేదు. సాయంత్రాలు నేను తీసుకున్నాను, మా ఇంట్లో దాని మీద వేరే చర్చ నడుస్తోంది. ఫ్రిజ్ కాగితం మీద ఇప్పుడు నా చేతిరాతే ఉంది. డాక్టర్ రాత అర్థం కావడం లేదని సిస్టర్ ఇప్పటికే కంప్లైంట్ చేసింది.

మానేసిన అమ్మాయికి ఫోన్ చేసి, రెండు పూటలు వచ్చి తెలిసినవన్నీ రాసిపెట్టగలవా, డబ్బులిస్తాం అని అడిగాను. వచ్చింది. నోట్‌బుక్ మొదటి పేజీలో మొదటి లైను: "ప్రింటర్ ఆగిపోతే వెనక మూత ఒకసారి తెరిచి మూయాలి." మేం కొత్త ప్రింటర్‌కి ఆర్డర్ పెట్టి అప్పటికి మూడు రోజులైంది.