కిప్చోగె వారపు క్రమంలో శనివారం నాకు కుదరడం లేదు, ఏం మార్చాలి?

మారథాన్ పరుగు వీరుడు ఎల్యూడ్ కిప్చోగె కెన్యాలోని కప్టగాట్ శిబిరంలో పాటించిన క్రమం పరుగు ఇష్టపడేవారికి తెలిసిందే: మంగళవారం ట్రాక్ మీద వేగపు పరుగులు, గురువారం 30 లేదా 40 కిలోమీటర్ల దీర్ఘ పరుగు, శనివారం ఫార్ట్‌లెక్ (ఆగకుండా, వేగం పెంచుతూ తగ్గిస్తూ సాగే పరుగు). వారానికి మొత్తం దాదాపు 200 కిలోమీటర్లు. అదే అమరికను 70 కిలోమీటర్లకు కుదించి 9 వారాలుగా చేస్తున్నాను.

నా వయసు 41, మారథాన్ సమయం 3 గంటల 52 నిమిషాలు. మంగళవారం కిలోమీటరు చొప్పున 6 సార్లు, ఒక్కొక్కటి 4 నిమిషాల 45 సెకన్లలో. గురువారం 26 కిలోమీటర్లు, కిలోమీటరుకు 6:15. శనివారం 3 నిమిషాలు వేగంగా, 1 నిమిషం నెమ్మదిగా, 10 విడతలు. ఆదివారం విశ్రాంతి, మిగతా రోజులు తేలిక పరుగు.

ఆరో వారం నుంచి శనివారం నాలుగో విడతకే పిక్కలు రాయిలా బిగుసుకుంటున్నాయి. శుక్రవారం ఉదయం గోడ పట్టుకుని, పక్కకు తిరిగి మెట్లు దిగుతున్నాను. నిద్ర లేవగానే చూసుకునే నాడి 54 నుంచి 62కి పెరిగింది.

తేలిక పరుగు వేగాన్ని కిలోమీటరుకు 7:00కి తగ్గించాను. నిద్ర 8 గంటలకు పెంచాను. బూట్లు మార్చాను. ఒక వారం 45 కిలోమీటర్లకు దిగితే నాడి తగ్గింది, తిరిగి 70కి రాగానే మళ్లీ మొదటికే వచ్చింది. అయినా వదలాలని లేదు, ఎందుకంటే మొదటి ఐదు వారాల్లోనే నా 10 కిలోమీటర్ల సమయం 2 నిమిషాలు తగ్గింది.

ఉద్యోగం చేసుకుంటూ ఇలాంటి క్రమం పాటించినవారు చెప్పండి: ఈ మూడు కఠినమైన పరుగులను 10 రోజులకు పరచాలా, లేక వారాన్ని అలాగే ఉంచి ఫార్ట్‌లెక్ తీసేయాలా?