స్టోన్ మౌంటెన్ మీద ఓడిపోయినవాళ్ల బొమ్మలెందుకు?

అట్లాంటా_అమ్మ: ఊరి నుంచి ఎవరొచ్చినా ఇక్కడ అట్లాంటా దగ్గరి స్టోన్ మౌంటెన్ కొండకి తీసుకెళ్తాం, పులిహోర తిని లేజర్ షో చూసి వస్తాం, అంతే. మొన్న మా అమ్మాయి, కొండ మీద గుర్రాలెక్కిన ఆ ముగ్గురూ అమెరికా సివిల్ వార్‌లో ఓడిపోయిన దక్షిణాది నాయకులే కదా, మరి బొమ్మలెందుకు చెక్కారు అంది. మా పక్కింటాయనేమో ఆ యుద్ధం బానిసత్వం గురించి కాదు, రాష్ట్రాల హక్కుల కోసం అంటాడు. మంచాయనే. పిల్లకేం చెప్పను?

పాతకాగితం: తేదీలు చూపించండి. యుద్ధం 1865లో అయిపోయింది. 1915లో నల్లవాళ్ల మీద దాడులు చేసే తెల్లవాళ్ల ముఠా కూ క్లక్స్ క్లాన్ మళ్లీ పుట్టింది ఆ కొండ మీదే. 1923లో మొదలైన చెక్కుడు కొన్నేళ్లకే ఆగిపోయి దశాబ్దాలు మూలన పడింది. 1954లో నల్ల పిల్లలకి, తెల్ల పిల్లలకి వేరే బడులు చెల్లవని సుప్రీంకోర్టు అంది, 1956లో జార్జియా రాష్ట్రం తన జెండాలో కాన్ఫెడరేట్ గుర్తు, అంటే ఆ యుద్ధంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల గుర్తు, పెట్టుకుంది, 1958లో ఆ కొండే కొనేసింది. బొమ్మలు పూర్తయింది 1972లో. ఇంక మీకే అర్థమవుతుంది.

హైదరాబాదీ77: ఎప్పటి గొడవో, మనకెందుకండీ? చరిత్ర ఎప్పుడూ గెలిచినవాళ్లే రాస్తారు.

రిచ్‌మండ్_బాబాయ్: ఇక్కడ ఓడినవాళ్లు రాశారు బాబూ, అదే తమాషా. కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్, జార్జియావాడే, 1861 మార్చిలో సవానాలో నిలబడి, నల్లవాడు తెల్లవాడికి సమానం కాడన్నదే మా ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. ఓడిపోయాక అదే మనిషి రెండు సంపుటాలు రాసి, గొడవంతా రాజ్యాంగం గురించే అన్నాడు. 1894లో పుట్టిన కాన్ఫెడరసీ ఆడపడుచుల సంఘం బడి పుస్తకాల మీద పడింది, దక్షిణాదిని తప్పుపట్టే పుస్తకాల మీద 'దక్షిణాదికి అన్యాయం' అని రాసిపెట్టమని లైబ్రరీలకి చెప్పేదాకా వెళ్లారు. పక్కింటాయన అబద్ధమాడట్లేదమ్మా, బహుశా బళ్లో చదివిందే చెప్తున్నాడు. ఉత్తరాదివాళ్లూ తక్కువేం కాదు, న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్లే యుద్ధం తర్వాత నల్లవాళ్లకి ఓటివ్వడం పెద్ద పొరపాటని దశాబ్దాలు పాఠం చెప్పారు. 1935లో నల్లజాతి చరిత్రకారుడు డుబాయిస్ దాన్ని కడిగేస్తే చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

అట్లాంటా_అమ్మ: తేదీలన్నీ కాగితం మీద రాసి పిల్లకిచ్చాను. 'అయితే చెరిపెయ్యొచ్చుగా' అంటోంది. మీ రిచ్‌మండ్‌లో, ఈ ముగ్గురిలో ఒకడైన జనరల్ లీ విగ్రహం దింపేశారుగా?

రిచ్‌మండ్_బాబాయ్: 2021లో దింపారు. మీ దగ్గర కుదరదు, 2001లో జెండా మార్చినప్పుడే కొండ మీద చెక్కుడు ముట్టుకోకూడదని చట్టంలో రాసుకున్నారు. జెండా పోయింది, కొండ మిగిలింది.